ఐస్ డ్యాన్స్: మంచు లేని సూరత్ నుంచి ఈ కెరీర్ సాధ్యమేనా?

2010 ఫిబ్రవరిలో వాంకూవర్ వింటర్ ఒలింపిక్స్‌లో అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ మంచు మీద హిందీ సినిమా పాటలకు డ్యాన్స్ చేశారు. 'కజ్‌రా రే', 'డోలా రే డోలా' పాటలు, భారతీయ తరహా దుస్తులు, చేతి ముద్రలతో ఆ ప్రదర్శన మన దేశంలోనూ చర్చకు వచ్చింది. ఆ పోటీల్లో వాళ్లకు రజతం దక్కింది.

అదే ఏడాది నవంబరులో చైనాలోని గ్వాంగ్జౌలో ఆసియా క్రీడలు జరిగాయి. అక్కడ హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా, గుజరాత్‌కు చెందిన అవని పంచాల్ జంటగా కాంస్యం గెలిచారు. అయితే వాళ్ల కాళ్లకు ఉన్నవి ఉక్కు బ్లేడ్లు కాదు, చక్రాలు.

భారత్ తరఫున వింటర్ ఒలింపిక్స్‌లో ఇంతవరకు ఒక్క ఐస్ డ్యాన్స్ జంట కూడా పోటీపడలేదు. ఫిగర్ స్కేటింగ్‌లోని మిగతా విభాగాల్లోనూ అంతే. పాటలు మనవి, నాట్యం మనది, చక్రాల మీద పతకం తెచ్చే పిల్లలూ మనకున్నారు. మరి మంచు దాకా ఎందుకు వెళ్లలేకపోతున్నాం? సూరత్ లాంటి ఊళ్లో ఎనిమిదేళ్ల పాపో బాబో 'నేనూ ఇలా డ్యాన్స్ చేస్తాను' అంటే ఆ కుటుంబం ముందున్న దారి ఏమిటి?

ఐస్ డ్యాన్స్ అంటే ఏమిటి?

ఫిగర్ స్కేటింగ్‌లో నాలుగు ప్రధాన విభాగాలున్నాయి. పురుషుల సింగిల్స్, మహిళల సింగిల్స్, పెయిర్స్, ఐస్ డ్యాన్స్. చివరి రెండూ జంటగా చేసేవే కాబట్టి చాలామంది వాటిని ఒకటే అనుకుంటారు. పెయిర్స్‌లో అమ్మాయిని తలకంటే ఎత్తుకు లేపడం, గాల్లోకి విసరడం, ఇద్దరూ పక్కపక్కనే రెండు మూడు చుట్ల జంప్‌లు చేయడం ఉంటాయి. ఐస్ డ్యాన్స్‌లో అవేవీ ఉండవు. ఇందులో మార్కులన్నీ పాదాల పనికి, లయకు, ఇద్దరూ ఎంత దగ్గరగా, ఎంత వేగంగా ఒకే మనిషిలా కదులుతున్నారన్న దానికి వస్తాయి.

పోటీ రెండు రోజుల్లో రెండు భాగాలుగా జరుగుతుంది. మొదటిది రిథమ్ డ్యాన్స్. ఆ సీజన్‌కు అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ ఒక లయను, లేదా ఒక కాలాన్ని నిర్ణయిస్తుంది. 2024-25లో 1950, 60, 70 దశకాల డ్యాన్సులు ఇచ్చారు. ఆ మరుసటి సీజన్‌కు 1990 దశకం సంగీతం ఇచ్చారు. రెండోది ఫ్రీ డ్యాన్స్. సుమారు నాలుగు నిమిషాలు, సంగీతం జంట ఇష్టం.

ప్రతి ప్రదర్శనలో కొన్ని తప్పనిసరి అంశాలుంటాయి. ట్విజిల్స్ అంటే ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతూనే ముందుకు సాగడం. ఇద్దరూ ఒకే వేగంతో, ఒకే దూరంలో తిరగాలి. లిఫ్ట్ ఒక్కటే అయితే ఏడు సెకన్లకు మించకూడదు, రెండు కలిపి చేస్తే పన్నెండు సెకన్లు. ప్రతి అంశానికీ ఒక మూల విలువ ఉంటుంది. జడ్జీలు దాని నాణ్యతకు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఇస్తారు. ఒకరు పడితే ఒక పాయింటు, ఇద్దరూ పడితే రెండు పాయింట్లు కోత పడుతుంది.

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఐస్ డ్యాన్స్ 1952లో చేరింది. ఒలింపిక్స్‌లోకి 1976లో, ఇన్స్‌బ్రుక్ క్రీడలతో వచ్చింది. తొలి స్వర్ణం సోవియట్ జంట ల్యుడ్మిలా పఖోమోవా, అలెగ్జాండర్ గోర్ష్‌కోవ్‌లకు దక్కింది.

ఒక కెరీర్ ఎలా సాగుతుంది?

ఐదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లలు మంచు మీదకు వెళ్తారు. మొదటి కొన్నేళ్లు ఒంటరిగానే నేర్చుకుంటారు. బ్లేడ్‌కు రెండు అంచులుంటాయి, లోపలిది, బయటిది. ఏ అంచు మీద నిలబడి ఏ వైపు తిరగాలన్నదే ఈ కళకు ఓనమాలు. ఆ పునాది సరిగ్గా పడకపోతే తర్వాత ఎంత అందమైన నృత్యమైనా మార్కులు తేదు.

పది పన్నెండేళ్ల వయసులో జోడీ కుదురుతుంది. కొందరికి ఇంకా ముందే కుదురుతుంది. కెనడాకు చెందిన టెస్సా వర్చూ, స్కాట్ మోయిర్‌లను 1997లో జంటగా కలిపింది స్కాట్ బంధువు కరోల్. అప్పటికి టెస్సాకు ఏడేళ్లు, స్కాట్‌కు తొమ్మిది. ఆ జంట 2010, 2018 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు, 2014లో రజతం గెలిచింది. మొదటి ఒలింపిక్ స్వర్ణం వచ్చేసరికి వాళ్లు కలిసి పన్నెండేళ్లు దాటింది.

అంతర్జాతీయ జూనియర్ పోటీలకు కనీస వయసు 13. సీనియర్ స్థాయికి ఒకప్పుడు 15 ఏళ్లుంటే సరిపోయేది. చిన్నపిల్లల మీద ఒత్తిడి పెరుగుతోందన్న విమర్శల తర్వాత 2023-24లో 16కి, 2024-25 నుంచి 17కి పెంచారు. దీనివల్ల ఆలస్యంగా మొదలుపెట్టిన పిల్లలకు కొంచెం సమయం దొరికింది.

పైగా ఐస్ డ్యాన్స్‌లో వయసు పెరిగిన కొద్దీ పదును పెరుగుతుంది. అమెరికాకు చెందిన మాడిసన్ చోక్, ఇవాన్ బేట్స్ 2011 నుంచి జంటగా ఉన్నారు. తొలి ప్రపంచ టైటిల్ 2023లో వచ్చింది. అప్పటికి బేట్స్‌కు 34 ఏళ్లు. ఆ తర్వాత 2024, 2025లోనూ వాళ్లే గెలిచారు. జపాన్‌కు చెందిన డైసుకే తకహాషి 2010 ఒలింపిక్స్‌లో పురుషుల సింగిల్స్ కాంస్య పతక విజేత. ఆయన 2020లో, 34 ఏళ్ల వయసులో ఐస్ డ్యాన్స్‌కు మారి, కానా మురమోటోతో కలిసి 2022 ఫోర్ కాంటినెంట్స్ పోటీల్లో రజతం సాధించాడు. జంప్‌ల భారం లేకపోవడం ఇందుకు ఒక కారణం.

అలాగని శరీరానికి శ్రమ తక్కువని కాదు. టెస్సా వర్చూ కాళ్ల కండరాల్లో ఒత్తిడి పెరిగే జబ్బుతో 2008లో, మళ్లీ 2010లో శస్త్రచికిత్సలు చేయించుకోవాల్సి వచ్చింది.

మొదటి అడ్డంకి: మంచు

అంతర్జాతీయ రింకు కొలత 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అంత విస్తీర్ణాన్ని ఏడాది పొడవునా గడ్డకట్టించి ఉంచాలంటే శీతలీకరణ యంత్రాలు ఆగకూడదు. ఎండాకాలంలో నలభై డిగ్రీలు తాకే సూరత్‌లో ఆ కరెంటు బిల్లు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

డెహ్రాడూన్ అనుభవం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2011 జనవరిలో దక్షిణాసియా వింటర్ క్రీడల కోసం అక్కడ అంతర్జాతీయ కొలతలతో ఇండోర్ రింకు కట్టారు. క్రీడలు ముగిశాక నిర్వహణ ఖర్చు భరించలేక అది ఏళ్ల తరబడి మూతపడింది. తిరిగి తెరిచి, 2025 ఆగస్టులో ఆసియా స్థాయి షార్ట్‌ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ పోటీలు నిర్వహించారు. రింకు కట్టడం ఒక ఎత్తు, దాన్ని రోజూ మంచుతో ఉంచడం మరో ఎత్తు అని ఆ భవనమే చెబుతుంది.

సిమ్లాలో వందేళ్ల నాటి సహజ మంచు రింకు ఉంది. లద్దాఖ్‌లో చెరువులు గడ్డకడతాయి. ఇవి చలికాలంలో కొన్ని వారాలే పనికొస్తాయి. మాల్స్‌లో కనిపించే చిన్న మంచు వేదికలు సరదాకు, తొలి పాఠాలకు బాగుంటాయి. కానీ ఐస్ డ్యాన్స్‌కు వేగం కావాలి, పొడవైన వంపులు కావాలి. పది అడుగులు వేయగానే గోడ తగిలే చోట ఆ వంపులు నేర్చుకోలేరు.

సూరత్ నుంచి డెహ్రాడూన్ వెయ్యి కిలోమీటర్లకు పైనే. వారానికి ఐదారు రోజులు సాధన చేయాల్సిన ఆటకు అది రోజువారీ దూరం కాదు. ఊరు మారాలి, లేదా ఆట మారాలి.

రెండో అడ్డంకి: జోడీ

సింగిల్స్ స్కేటర్‌కు మంచు, కోచ్ ఉంటే చాలు. ఐస్ డ్యాన్సర్‌కు ఇంకో మనిషి కావాలి. ఎత్తు కుదరాలి, నైపుణ్యం కుదరాలి, లక్ష్యం కుదరాలి, రెండు కుటుంబాలకు పడాలి. ఫిగర్ స్కేటింగ్ బాగా ఉన్న దేశాల్లోనే అమ్మాయిలు ఎక్కువ, అబ్బాయిలు తక్కువ. జోడీ కోసం వెబ్‌సైట్లలో ఎత్తు, బరువు, స్థాయి రాసి ప్రకటనలు ఇస్తారు. పెళ్లి సంబంధాల ప్రకటనలు చదివిన మనకు ఆ పద్ధతి కొత్తగా ఏమీ అనిపించదు. విదేశాల్లో అమ్మాయి తల్లిదండ్రులే అబ్బాయి శిక్షణ ఖర్చు కూడా భరించే సందర్భాలు ఉన్నాయి.

మన కుటుంబాల్లో ఇంకో సందేహం ఉంటుంది. పరాయి అబ్బాయితో చేతులు పట్టుకుని, నడుం పట్టుకుని నాట్యం చేయడానికి అమ్మాయిని పంపాలా అని. దీన్ని కొట్టిపారేయలేం, ఎందుకంటే కెరీర్లు ఇక్కడ కూడా ఆగుతాయి. దీనికి ఐస్ డ్యాన్స్‌లోనే ఒక పాత పరిష్కారం ఉంది. అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లు జంటగా పోటీపడటం ఇక్కడ మామూలే. అమెరికాకు చెందిన మయా షిబుతానీ, ఆమె అన్న అలెక్స్ 2018 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. ఒకే ఇల్లు, ఒకే ప్రయాణం, ఒకే కోచ్. ఖర్చు తగ్గుతుంది, జోడీ విడిపోతుందన్న భయం ఉండదు.

కెనడా ఇంకో అడుగు వేసింది. అక్కడి స్కేటింగ్ సమాఖ్య 2022 డిసెంబరులో తమ దేశీయ పోటీల వరకు జంట నిర్వచనాన్ని మార్చింది. అబ్బాయి-అమ్మాయి అని కాకుండా 'ఇద్దరు స్కేటర్లు' అంటే చాలు. అంతర్జాతీయ పోటీలకు ఈ మార్పు వర్తించదు.

మూడో అడ్డంకి: పాస్‌పోర్ట్

భారత్‌లో జోడీ దొరకకపోతే విదేశీ స్కేటర్‌తో కలవొచ్చు కదా? అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ పోటీల్లో ఇద్దరిలో ఒకరు ఆ దేశ పౌరులైతే సరిపోతుంది. కానీ ఒలింపిక్స్‌లో ఇద్దరూ ఒకే దేశ పౌరులు కావాల్సిందే.

కెనడాలో పుట్టిన టానిత్ బెల్బిన్ అమెరికాకు చెందిన బెన్ అగోస్టోతో జంటగా ఉండేది. ఆమె అమెరికా పౌరసత్వం కోసం అక్కడి కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. 2005 డిసెంబరు 31న దాని మీద అధ్యక్షుడి సంతకం పడింది. రెండు నెలలు తిరక్కుండానే ట్యురిన్ ఒలింపిక్స్‌లో ఆ జంట రజతం గెలిచింది.

మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. 2008 నుంచి క్రీడా మంత్రిత్వ శాఖ విధానం ప్రకారం భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లే దేశానికి ఆడాలి. ఓసీఐ కార్డు చాలదు. విదేశీ జోడీ భారత పౌరసత్వం తీసుకోవాలంటే తన దేశ పౌరసత్వం వదులుకోవాలి, ఇక్కడ ఏళ్ల తరబడి నివసించాలి.

ఇది అమెరికాలోని తెలుగు కుటుంబాలకూ సంబంధించిన విషయమే. డెట్రాయిట్ శివార్లలోనో, న్యూజెర్సీలోనో పెరిగే పిల్లలకు రింకు దగ్గర్లోనే ఉంటుంది, కోచ్ ఉంటారు. డేవిస్, వైట్ సాధన చేసింది కూడా మిషిగన్ రాష్ట్రంలోనే. కానీ భారత్ తరఫున పోటీపడాలంటే అమెరికా పౌరసత్వాన్ని వదులుకోవాలి. సింగిల్స్ స్కేటర్ తారా ప్రసాద్ అదే చేసింది. అమెరికాలో పుట్టి పెరిగిన ఆమె 2019లో భారత పౌరసత్వం తీసుకుంది. 2025లో హార్బిన్ ఆసియా వింటర్ క్రీడల్లో ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఒకరికే ఇంత పెద్ద నిర్ణయం అయితే, జంటలో ఇద్దరికీ అది కుదరడం ఎంత అరుదో చెప్పక్కర్లేదు.

ఒక్క సానుకూలత ఉంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌కు ప్రతి సభ్య దేశం కనీసం ఒక జంటను పంపొచ్చు, ఆ జంట ముందే నిర్ణయించిన కనీస సాంకేతిక మార్కులు సాధించి ఉంటే. రష్యాలోనో అమెరికాలోనో ఆ స్థానం కోసం పది జంటలు కొట్టుకుంటాయి. భారత జంటకు మార్కులతోనే పోటీ.

నాలుగో అడ్డంకి: డబ్బు

మంచు మీద గడిపే ప్రతి గంటకూ అద్దె. కోచ్‌కు ఫీజు, నృత్య దర్శకుడికి ఫీజు, సంగీతం కత్తిరించి అతికించేవాళ్లకు ఫీజు. బూట్లు వేరే, బ్లేడ్లు వేరే కొనాలి. ఎదిగే పిల్లల పాదాలకు తరచూ మార్చాలి. బ్యాలే, బాల్‌రూమ్ తరగతులు, ఫిజియోథెరపీ, విమానాలు, వీసాలు. ఇవన్నీ ఇద్దరికీ. వీటిలో సూరత్ కుటుంబానికి చవగ్గా దొరికేది ఒక్కటే, దుస్తులు. మెరిసే బట్టకు, ఎంబ్రాయిడరీకి, పూసల పనికి ఆ ఊరిని మించింది మన దేశంలో అరుదు.

పేదవాళ్లు ఈ ఆటలో పైకి రాలేరా? బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ కథ వేరేలా చెబుతుంది. జేన్ టోర్విల్ బీమా కంపెనీలో గుమాస్తా, క్రిస్టఫర్ డీన్ పోలీసు కానిస్టేబుల్. ఉద్యోగాలు చేసుకుంటూ దొరికిన సమయంలో సాధన చేసేవాళ్లు. ఉద్యోగాలు మానేసి పూర్తిగా ఆట మీదే ఉండేందుకు నాటింగ్‌హామ్ నగర పాలక సంస్థ వాళ్లకు 42,000 పౌండ్లు ఇచ్చింది. 1984 సరయేవో ఒలింపిక్స్‌లో 'బొలేరో' సంగీతానికి చేసిన ఫ్రీ డ్యాన్స్‌కు పన్నెండు 6.0 మార్కులు వచ్చాయి. కళాత్మకతకు తొమ్మిది మంది జడ్జీలూ పూర్తి మార్కులు వేశారు. ఒక మున్సిపాలిటీ తన ఊరి పిల్లల మీద పెట్టిన డబ్బు అది.

చక్రాల దారి

ఈ నాలుగు అడ్డంకుల్లో మొదటి రెండింటిని చక్రాలు చాలావరకు తీసేస్తాయి. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌కు నున్నటి గచ్చు చాలు. హైదరాబాద్‌లోని ఇందిరా పార్కు, విశాఖలోని శివాజీ పార్కు రింకుల్లో పిల్లలు ఏడాదంతా సాధన చేయగలరు. సూరత్ లాంటి నగరానికీ ఇదే అందుబాటులో ఉండే మార్గం.

ఇందులోనూ ఫ్రీ స్కేటింగ్, పెయిర్స్, కపుల్ డ్యాన్స్ ఉన్నాయి. అదనంగా సోలో డ్యాన్స్ అనే విభాగం ఉంది. జోడీ లేకుండా ఒక్కరే డ్యాన్స్‌లో ప్రపంచ స్థాయి దాకా పోటీపడొచ్చు. మంచు మీద అంతర్జాతీయ చాంపియన్‌షిప్‌లలో ఈ అవకాశం లేదు. భాగస్వామి దొరికేదాకా కూర్చోవాల్సిన పని ఉండదు.

అనూప్ కుమార్ యామా ప్రయాణం ఈ దారిలోదే. గ్వాంగ్జౌలో అతను ఒక్కటి కాదు, రెండు కాంస్యాలు గెలిచాడు. ఒకటి పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో, రెండోది అవనితో పెయిర్స్‌లో. పెయిర్స్ వేరు, డ్యాన్స్ వేరు అన్నది నిజమే. కానీ రెండు వేర్వేరు రాష్ట్రాల పిల్లలు జోడీగా కుదిరి, ఆసియా స్థాయిలో పతకం తేవడం ఐస్ డ్యాన్స్ ఆశించే భారత కుటుంబాలకు దగ్గరి ఉదాహరణ. 2015లో అనూప్‌కు కేంద్ర ప్రభుత్వం అర్జున అవార్డు ఇచ్చింది. రోలర్ స్కేటింగ్ చేసినవాడికి ఆ గౌరవం దక్కడం, ఇది సరదా ఆట కాదని ప్రభుత్వం ఒప్పుకోవడమే.

ఈ దారికీ ఒక పరిమితి ఉంది. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ ఒలింపిక్ క్రీడ కాదు. చక్రాల క్రీడల్లో ఒలింపిక్స్‌కు వెళ్లింది స్కేట్‌బోర్డింగ్ మాత్రమే. ఒలింపిక్ క్రీడలకు వచ్చే నిధులు, ఉద్యోగాలు, ప్రచారం దీనికి రావు.

చక్రాల నుంచి మంచుకు మారొచ్చా?

మారొచ్చు, మారినవాళ్లున్నారు. 1998 ఒలింపిక్ చాంపియన్ టారా లిపిన్‌స్కీ మొదట రోలర్ స్కేటరే. స్పీడ్ స్కేటింగ్‌లో ఉదాహరణలు ఇంకా ఎక్కువ. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఒకాలా మంచు పడని వేడి ఊరు. అక్కడ చక్రాల మీద పెరిగిన ఎరిన్ జాక్సన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 500 మీటర్ల స్వర్ణం గెలిచింది. మన దేశంలో గుజరాత్‌కు చెందిన విశ్వరాజ్ జడేజా చక్రాల నుంచి మంచుకు మారి, నెదర్లాండ్స్‌లో శిక్షణ పొంది లాంగ్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్‌లో భారత్‌కు ప్రాతినిధ్యం వహించాడు. మంచు లేని తెలంగాణ నుంచి వెళ్లిన తల్లూరి నయనశ్రీ 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో షార్ట్‌ట్రాక్ స్వర్ణాలు గెలిచింది.

డ్యాన్స్‌లో ఏది పనికొస్తుంది? లయజ్ఞానం, జోడీతో కలిసి కదిలే అలవాటు, ఒంటికాలి మీద తూకం, జనం ముందు బెరుకు లేకపోవడం. రోలర్ డ్యాన్స్‌లోనూ ఒంటికాలి మీద తిరుగుతూ సాగే అంశం ఉంది. మార్కుల విధానం కూడా మంచు పద్ధతిని చూసి రూపొందించిందే.

ఏది మార్చుకోవాలి? చక్రాల స్కేటు బరువెక్కువ, నాలుగు చక్రాల మీద ఆనుతుంది, ముందు రబ్బరు బ్రేకు ఉంటుంది. బ్లేడు తేలిక, ఒక్క అంచు మీదే నిలుస్తుంది. ఎంత వంగితే అంత లోతైన వంపు వస్తుంది. చక్రాల మీద పదేళ్లు పెరిగిన పిల్లలు ఆ వంపు దగ్గర తడబడతారు. పదమూడు పద్నాలుగేళ్లలోపు మంచు మీద కనీసం కొన్ని సెలవులైనా గడిపితే ఆ తడబాటు తగ్గుతుంది. చట్రానికి ఒకే వరస చక్రాలున్న ఇన్‌లైన్ ఆర్టిస్టిక్ స్కేట్లు ఈ రెండింటికీ మధ్య మెట్టుగా ఉపయోగపడతాయి.

ఒక కుటుంబం ఏం నిర్ణయించుకోవాలి?

సూరత్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం వెళ్లి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడినవాళ్లు. వాళ్ల పిల్లల కోసం అక్కడి నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. మగ్గం మీద బతికే కుటుంబం విదేశీ ఐస్ అకాడమీ ఖర్చు భరించలేదు. ఆ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలి. అయితే చక్రాల స్కేట్లు, ఊళ్లోని రింకు, వారానికి నాలుగు రోజుల సాధన చాలా కుటుంబాలకు అందే విషయాలే.

పది పన్నెండేళ్ల దాకా చక్రాల మీద పునాది, దానితోపాటు ఏదో ఒక నాట్యం. నవరాత్రుల్లో గర్బా ఆడే ఊళ్లో లయకు కొదవ లేదు, కూచిపూడి అయినా, భరతనాట్యం అయినా పాదాలకు మంచిదే. ఇంట్లో అన్నాచెల్లెళ్లుంటే ఇద్దరినీ కలిపి చూడొచ్చు. పన్నెండు పదమూడేళ్లకు జాతీయ స్థాయిలో నిలబడితే అప్పుడు మంచు గురించి ఆలోచించాలి. ఇల్లు అమ్మి ఎనిమిదేళ్లకే విదేశం పంపాల్సిన ఆట కాదిది, ఎందుకంటే ఇందులో పతకాలు ముప్పై దాటాక కూడా వస్తున్నాయి.

చదువు సంగతి ముందే లెక్క చూసుకోవాలి. మంచు మీద జూనియర్ సీజన్ ఆగస్టులో మొదలై మార్చి దాకా సాగుతుంది. మన పదో తరగతి పరీక్షలు సరిగ్గా ఫిబ్రవరి, మార్చిలోనే. చాలామంది మంచి స్కేటర్లు ఆగిపోయేది అక్కడే. సార్వత్రిక విద్యా విధానంలో పరీక్షలు రాసే వీలుందన్నది ముందే తెలుసుకుంటే ఆ ఏడాది ఆటను వదులుకోవాల్సిన పని ఉండదు.

ఇంకొకటి, కోచ్‌ను ఎంచుకునేటప్పుడు పతకాల సంఖ్యతోపాటు సాధన సమయంలో తల్లిదండ్రులను లోపలికి రానిస్తారా లేదా చూడాలి. శరీరాలు తాకే ఆట, చిన్న వయసు, ఇల్లు వదిలి దూర ప్రయాణాలు. తలుపులు తెరిచి నేర్పే చోటికే పంపాలి.

పోటీల తర్వాత

ఐస్ డ్యాన్సర్లలో ఒలింపిక్స్ దాకా వెళ్లేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లకు కోచింగ్, నృత్య దర్శకత్వం, మంచు మీద జరిగే ప్రదర్శనలు, జడ్జీ పని ఉంటాయి. ప్రపంచ ఐస్ డ్యాన్స్‌ను ఇప్పుడు శాసిస్తున్న మాంట్రియల్ అకాడమీని నడుపుతున్నది మేరీ-ఫ్రాన్స్ డుబ్రూయిల్, పాట్రిస్ లోజోన్ అనే మాజీ డ్యాన్స్ జంటే. 2022 ఒలింపిక్స్‌లో స్వర్ణం, కాంస్యం గెలిచిన జంటలు అక్కడ తయారైనవే. స్కాట్ మోయిర్ కూడా పోటీలు మానేశాక అదే అకాడమీ శాఖలో కోచ్‌గా చేరాడు.

భారత్‌లో ఈ తరం పిల్లలు ఒలింపిక్స్ చేరకపోయినా, వాళ్లలో పదిమంది కోచ్‌లైతే తర్వాతి తరం ఓనమాలు నేర్చుకోవడానికి మాంట్రియల్ వెళ్లక్కర్లేదు. అందుకు మున్సిపాలిటీలు చేయగల పని చిన్నదే. ఉన్న రోలర్ రింకు గచ్చును బాగుచేసి, సాయంత్రం దీపాలు వేసి, పిల్లల నుంచి ఫీజు తక్కువ తీసుకోవడం. డెహ్రాడూన్ లాంటి రింకులు కరెంటు బిల్లుకు భయపడి మూతపడకుండా చూసే పని ప్రభుత్వాలది.